ఉత్తర తెలంగాణలో వినోద మాధ్యమాలు

సినిమా, రేడియో, టెలివిజన్, అంతర్జాలం వంటి ఆధునిక మాధ్యమాలు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రజల సంస్కృతిని, వారి చూసే, వినే అలవాట్లను గణనీయంగా మార్చాయి. ఒగ్గుకథ, చిరుతల రామాయణం, పటం కథలు, గుస్సాడీ నృత్యం వంటి కళారూపాలకు ఈ ప్రాంతం నెలవు. పూర్వం కథ వినేవాడే కథకుని పోషకుడు. ఆధునిక మాధ్యమాల రాకతో ఆ సంబంధం తెగి, శ్రోత కేవలం టికెట్టు కొనే ప్రేక్షకుడైనాడు. చరవాణి వచ్చిన తరువాత అదే ప్రేక్షకుడు తిరిగి ప్రదర్శకుడు కూడా అయినాడు. ఈ మార్పుల వలన కొన్ని కళలు క్షీణించగా, ఇక్కడి యాసకు మునుపు లేని గౌరవం లభించింది. ఈ వ్యాసం ఆ రెండు పరిణామాలను వివరిస్తుంది.

ప్రాంతం

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. కొన్ని మండలాలు పొరుగు జిల్లాలలో కలిశాయి. ఆదిలాబాద్ జిల్లా నుండి మంచిర్యాల, నిర్మల్, కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ వ్యాసంలో జిల్లాల పేర్లు చాలా చోట్ల పూర్వపు సరిహద్దుల ప్రకారం వాడబడినవి.

గోదావరికి దక్షిణాన కరీంనగర్, ఉత్తరాన ఆదిలాబాద్ ఉన్నాయి. తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, గోండి, కొలామీ, లంబాడీ భాషలు ఇక్కడ వినిపిస్తాయి. 1948 వరకు ఈ ప్రాంతం నిజాం పాలనలో ఉండి, విద్యాబోధన ప్రధానంగా ఉర్దూలో జరిగింది. వ్యవసాయంతో పాటు సింగరేణి బొగ్గు గనులు, సిరిసిల్ల మరమగ్గాలు, బీడీల తయారీ ఇక్కడి ముఖ్యమైన జీవనాధారాలు.

పూర్వపు వినోద రూపాలు

ఒగ్గుకథ

ఒగ్గు అనగా శివుని ఢమరుకం. ఒగ్గు పూజారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను డోళ్ళు, తాళాల వాద్యాలతో గానం చేస్తారు. కురుమ, గొల్ల కులాలకు ఈ కథలతో సన్నిహిత సంబంధం ఉన్నది. ప్రధాన కథకుడు కథ నడుపుతూ ఉండగా సహాయకులు వంత పాడుతూ, నడుమ హాస్యం పండిస్తూ, అవసరమైనప్పుడు పాత్రలుగా మారిపోతారు. ఒక కథ పూర్తి కావడానికి కొన్ని సందర్భాలలో అనేక రాత్రులు పడుతుంది. వేములవాడ సమీపంలోని హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ కళలో ప్రసిద్ధుడు. జ్ఞానపీఠ పురస్కార గ్రహీత సి. నారాయణ రెడ్డి స్వగ్రామం కూడా హనుమాజీపేటయే. బాల్యంలో హరికథలు, జంగం కథలు విని పెరిగిన నారాయణ రెడ్డి 1962లో విడుదలైన గులేబకావళి కథ చిత్రంతో సినీ గేయ రచయిత అయినారు.

ఆశ్రిత కులాల కథాగానం

తెలంగాణలో అనేక కులాలకు వాటి పుట్టుపూర్వోత్తరాలను గానం చేసే ఆశ్రిత కులాలు ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనా ఋషుల కథలు చెబుతారు. మాదిగలకు చిందువారు యక్షగానాలు ఆడుతారు. కొన్ని ఆశ్రిత కులాలవారు బట్టపై చిత్రించిన పొడవాటి పటాన్ని విప్పుతూ కథ చెబుతారు. ఈ పటాల చిత్రణకు పొరుగున ఉన్న చేర్యాల ప్రసిద్ధి చెందినది.

ఏ గ్రామాలలో ఎవరు కథ చెప్పాలో ముందుగానే నిర్ణయమై ఉండేది. ఆ హక్కు వారసత్వంగా సంక్రమించేది. కథ చెప్పినందుకు పోషక కులం వారు ధాన్యం, బట్టలు, కొంత రొక్కం ఇచ్చేవారు. కనుక ఇక్కడ ప్రదర్శన వినోదం మాత్రమే కాదు. పోషక కులానికి అది తన చరిత్ర, కళాకారునికి తన జీవనభృతి.

చిరుతల రామాయణం

చిరుతల రామాయణంలో నటులు బయటివారు కారు. గ్రామంలోని యువకులే పంటల పని తగ్గిన రోజులలో గురువును పిలిపించుకొని, రాత్రిపూట నేర్చుకొని, చేతిలో చిరుతలు వాయిస్తూ ఆడుతారు. పగలు నాగలి పట్టినవాడు రాత్రి రాముడో రావణుడో అయ్యేవాడు. ప్రేక్షకులందరికీ నటులు తెలిసినవారే కావడం ఈ కళ ప్రత్యేకత.

దండారీ, గుస్సాడీ

ఆదిలాబాద్ జిల్లా రాజ్ గోండులు దీపావళి వేళ దండారీ పండుగ జరుపుకొంటారు. నెమలి ఈకల తలపాగా ధరించి, ఒంటికి బూడిద పూసుకొని గుస్సాడీలు నృత్యం చేస్తారు. ఒక గ్రామపు దండారీ బృందం మరొక గ్రామానికి అతిథిగా వెళ్ళడం ఆచారం. వచ్చిన బృందానికి ఆ గ్రామం భోజనాలు పెట్టి ఆదరిస్తుంది. దండేపల్లి మండలం గుడిరేవు వద్ద గోదావరి ఒడ్డున గల పద్మల్‌పురి కాకో ఆలయానికి దండారీ బృందాలు తరలివస్తాయి. గోండుల వంశ గాథలను పర్ధాన్లు, తోటీలు కిక్రి అనే తంత్రీ వాద్యంతో గానం చేస్తారు.

ఆధునిక మాధ్యమాల రాక

సినిమా

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో విడుదలైనది. అంతకు ముందే కరీంనగర్‌లో జన్మించిన పైడి జైరాజ్ మూకీల కాలంలో బొంబాయి చేరి హిందీ సినీరంగంలో పేరు తెచ్చుకున్నారు. ఆయనకు 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించింది. ఉర్దూ విద్య, హైదరాబాదుతో రాకపోకల కారణంగా ఈ ప్రాంత పట్టణాలలో హిందీ చిత్రాలకు మొదటి నుండి ఆదరణ ఉన్నది.

పల్లెలకు సినిమాను చేర్చినవి టూరింగ్ టాకీసులు. ఆ తరువాత పట్టణాలలో, బొగ్గు గనుల ప్రాంతాలలో శాశ్వత సినిమా హాళ్ళు వెలిశాయి. సినిమా హాలులో నేల, బెంచీ, కుర్చీ తరగతులు టికెట్టు ధరను బట్టి ఏర్పడ్డాయి. కులాన్ని బట్టి కూర్చునే చోటు నిర్ణయమయ్యే గ్రామాల వారికి ఇది కొత్త. డబ్బు ఇస్తే ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చును. అయితే కథకునితో ముఖాముఖి పలకరింపు అక్కడ లేదు. కథ ఏ ఊరిలో చూసినా ఒక్కటే. మంచి చిత్రాల పట్ల అభిరుచి కలిగించడానికి కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ (కఫిసొ) దేశ విదేశీ చిత్రాలను ప్రదర్శించింది.

రేడియో

హైదరాబాదు రేడియో కేంద్రం 1935లో నిజాం ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చి, 1950లో ఆకాశవాణిలో విలీనమైనది. గ్రామ పంచాయతీ కార్యాలయాల వద్ద లౌడ్ స్పీకర్లు కట్టి రేడియో వినిపించడం ఒక తరం వారికి పరిచితమే. ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం 1986లో ప్రారంభమైనది. ఈ కేంద్రం తెలుగుతో పాటు గోండి భాషలో కూడా కార్యక్రమాలు ప్రసారం చేసింది. తమ మాట యంత్రంలో నుండి వినబడటం ఆదివాసీ శ్రోతలకు గుర్తింపునిచ్చిన అంశం. రేడియో చేతి పనికి అడ్డురాదు. బీడీలు చుట్టే స్త్రీలు, మగ్గం నేసేవారు పని ఆపకుండానే దానిని వినగలిగారు.

టెలివిజన్

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైనది. 1980వ దశకంలో తక్కువ శక్తి గల ప్రసార కేంద్రాలు నెలకొల్పిన పిమ్మట జిల్లాలలో టెలివిజన్ విస్తరించింది. 1987-88లో రామాయణం, 1988-90లో మహాభారతం హిందీ ధారావాహికలు ఆదివారం ఉదయం ప్రసారమైనవి. టీవీ ఉన్న కొద్ది ఇళ్ళలో ఇరుగుపొరుగు వారందరూ చేరేవారు. చిరుతలతో ఊరివారే ఆడిన రామాయణం స్థానంలో దేశమంతా ఒకే వేళ చూసే రామాయణం వచ్చింది.

1995లో జెమిని టీవీ, ఈటీవీ ప్రారంభమైన తరువాత కేబుల్ ద్వారా తెలుగు ప్రసారాలు రోజంతా అందుబాటులోకి వచ్చాయి. క్రమంగా ప్రతి ఇంటికీ సొంత టీవీ రావడంతో పొరుగింటికి వెళ్ళి చూసే అలవాటు పోయింది.

అంతర్జాలం, చరవాణి

2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన పిమ్మట డేటా ధరలు బాగా తగ్గాయి. పల్లెలలో సైతం యూట్యూబ్ వీక్షణ నిత్యకృత్యమైనది. 2020లో కరోనా కారణంగా సినిమా హాళ్ళు నెలల తరబడి మూతపడటంతో ఓటీటీ వేదికల వాడకం పెరిగింది.

ప్రేక్షకుల అలవాట్లలో మార్పులు

ఈ మార్పులను మూడు విధాలుగా చూడవచ్చును.

వేళ: ఒగ్గుకథ, యక్షగానం రాత్రి భోజనాల తరువాత మొదలై తెల్లవారే వరకు సాగేవి. పండుగ, పంట కాలాలను అనుసరించేవి. సినిమా హాలు ఆటల వేళలను, టెలివిజన్ ధారావాహికల వేళలను నిర్ణయించాయి. ధారావాహిక ముగిసే వరకు వంట, భోజనం వాయిదా పడటం సాధారణమైనది. చరవాణితో వేళ అనే నియమమే పోయింది.

చోటు: కథ చూసే చోటు గుడి ముందరి ఖాళీ స్థలం నుండి సినిమా హాలుకు, అక్కడి నుండి ఇంటి నడి గదికి, చివరకు అరచేతికి మారింది. అనేక చోట్ల పాత సినిమా హాళ్ళు మూతపడి కల్యాణ మండపాలుగా, వాణిజ్య సముదాయాలుగా మారాయి.

తోడు: పూర్వం ఊరంతా కలిసి చూసేవారు. తరువాత వాడకట్టు, ఆ తరువాత కుటుంబం, నేడు ఒక్కొక్కరు విడివిడిగా చూస్తున్నారు. ఒకే ఇంటిలో అవ్వ భక్తి ప్రసంగాన్ని, కోడలు ధారావాహికను, మనుమడు చిన్న వీడియోలను వేర్వేరుగా చూడటం నేటి దృశ్యం.

భాష, యాస

తెలుగు సినిమా దశాబ్దాల పాటు కోస్తా జిల్లాల భాషనే ప్రమాణంగా స్వీకరించింది. తెలంగాణ యాస ఎక్కువగా ప్రతినాయకులకు, హాస్య పాత్రలకు పరిమితమైనది. ప్రతిఘటన (1985) చిత్రంలో కోట శ్రీనివాసరావు పోషించిన ప్రతినాయక పాత్ర తెలంగాణ యాసలోనే మాట్లాడుతుంది. మొండి మొగుడు పెంకి పెళ్ళాం చిత్రంలో కథానాయిక విజయశాంతి ఈ యాస మాట్లాడటం అరుదైన ఉదాహరణ. ఇంటిలో మాట్లాడే మాట తెరపై నవ్వులపాలు కావడం వలన విద్యార్థులు తమ యాసను బడిలోనూ, కొలువులోనూ దాచుకొనే పరిస్థితి ఏర్పడింది. ఈ అసంతృప్తి తెలంగాణ ఉద్యమ సాంస్కృతిక వాదనలలో ప్రముఖంగా వినిపించింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో ధూం ధాం ప్రదర్శనలు ఈ యాసను వేదికపై నిలబెట్టాయి. 2012లో ప్రారంభమైన వీ6 ఛానెల్ తీన్మార్ వార్తలను యాసలోనే అందించి ఆదరణ పొందింది. రాష్ట్రావతరణ (2014) తరువాత ఫిదా (2017), మల్లేశం (2019), దసరా (2023), బలగం (2023) చిత్రాలలో కథానాయికా నాయకులే ఈ యాస మాట్లాడారు. వీటిలో దసరా కథ సింగరేణి బొగ్గు గనుల నేపథ్యంలో సాగుతుంది.

మై విలేజ్ షో

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరాం 2012లో మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానెల్ ప్రారంభించారు. పల్లె పనులు, పండుగలు, ఇంటి తగాదాలు, ఊరి రాజకీయాలు ఇందులోని హాస్య వీడియోలకు వస్తువులు. గ్రామస్థులే నటులు. 2018లో ప్రపంచవ్యాప్తంగా కదిలే కార్ల పక్కన యువత నృత్యం చేసే కికీ ఛాలెంజ్ వ్యాపించినప్పుడు, ఈ ఛానెల్‌కు చెందిన అనిల్ గీల, మరొక యువకుడు బురద పొలంలో ఎద్దుల పక్కన ఆ నృత్యం చేశారు. ఆ వీడియో విదేశాలలోనూ ప్రాచుర్యం పొందింది.

ఈ ఛానెల్ ద్వారా పేరు పొందిన మిల్కూరి గంగవ్వ వ్యవసాయ కూలీగా పనిచేసిన మహిళ. 2019లో ఆమె మల్లేశం, ఇస్మార్ట్ శంకర్ చిత్రాలలో నటించారు. 2020లో బిగ్ బాస్ తెలుగు నాల్గవ సీజన్‌లో పాల్గొని, అనారోగ్యం వలన నడుమనే వెలుపలికి వచ్చారు. 2024లో ఎనిమిదవ సీజన్‌లో మరల పాల్గొన్నారు. అనిల్ గీల ప్రధాన పాత్రలో మోతెవరి లవ్ స్టోరీ అనే వెబ్ సిరీస్ 2025లో జీ5లో విడుదలైనది.

చిరుతల రామాయణం వలెనే ఇందులోనూ ఊరివారే నటులు, ఊరే రంగస్థలం. తేడా ఏమనగా చిరుతల రామాయణపు ప్రేక్షకులు ఆ ఊరివారు. ఈ వీడియోల ప్రేక్షకులు గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారితో సహా ఎక్కడివారైనా కావచ్చును. కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫ్ వలసలు అధికం కనుక ఇది గమనార్హం.

బలగం

సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి ఈటీవీ జబర్దస్త్ కార్యక్రమం ద్వారా హాస్యనటుడుగా పరిచితుడు. ఆయన దర్శకత్వం వహించిన తొలి చిత్రం బలగం 2023 మార్చి 3న విడుదలైనది. కొమురయ్య అనే వృద్ధుని మరణం, ఆ తరువాతి దినకర్మలలో పిండాన్ని కాకి ముట్టకపోవడం, విడిపోయిన కుటుంబం తిరిగి కలవడం ఇందులోని కథ. చివరి ఘట్టంలో బుడగ జంగాల కళాకారులైన కొమురమ్మ, పస్తం మొగిలయ్య దంపతులు గానం చేశారు. చావు ఇంట కథ పాడించే ఆచారాన్ని చిత్రం ఈ విధంగా తెరకెక్కించింది. మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించారు.

ఓటీటీలో అందుబాటులో ఉన్నప్పటికీ అనేక గ్రామాలలో ఈ చిత్రాన్ని ఆరుబయట తెర కట్టి సామూహికంగా చూశారు. చిత్రం చూసి, విడిపోయిన అన్నదమ్ములు కలుసుకున్నారని పత్రికలు వార్తలు ప్రచురించాయి. అదే సమయంలో ఉచిత ప్రదర్శనలకు నిర్మాతల అనుమతి అవసరమా అనే ప్రశ్న కూడా ముందుకు వచ్చింది. విడివిడిగా చూడటానికి అలవాటుపడిన ప్రజలు తమ కథ వచ్చినప్పుడు మరల ఒకచోట చేరారనడానికి ఇది ఉదాహరణ. ఈ చిత్రంలోని పాటకు గాను కాసర్ల శ్యామ్ 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ గేయ రచయితగా ఎంపికైనారు.

పండుగలు, పెళ్ళిళ్ళు

బతుకమ్మ ఆటలో ఒకరు పాట ఎత్తుకొంటే మిగిలిన స్త్రీలు చప్పట్లతో వలయంగా తిరుగుతూ అందుకొంటారు. అందరూ పాడటమే ఆ ఆట లక్షణం. టీవీ ఛానెళ్ళు, యూట్యూబ్ ఛానెళ్ళు ఏటా కొత్త బతుకమ్మ పాటలు విడుదల చేయడం, డీజే వాడకం పెరగడంతో అనేక చోట్ల పాట యంత్రం నుండి వస్తుండగా స్త్రీలు ఆటకు మాత్రమే పరిమితమవుతున్నారు. అమ్మమ్మలు నోటికి నేర్చిన పొడవైన కథాగీతాలు తరువాతి తరానికి అందకపోవడం దీని పర్యవసానం.

2021 ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక నూతన వధువు తన బరాత్‌లో, అదే సంవత్సరం విడుదలైన బుల్లెట్టు బండి పాటకు చేసిన నృత్యం చరవాణుల ద్వారా విస్తృతంగా వ్యాపించింది. పెళ్ళికూతురు తల వంచుకొని కూర్చోవాలన్న పాత మర్యాదకు ఇది భిన్నం. ఆ తరువాత వధువులు బరాత్‌లో నృత్యం చేయడం పెళ్ళి వేడుకలలో సాధారణ భాగమైనది.

ఆదివాసీ సమాజాలపై ప్రభావం

జోడేఘాట్ పోరాటంలో 1940లో అమరుడైన కొమరం భీం జీవితంపై అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో నిర్మించిన చిత్రం నంది పురస్కారాలు పొందినప్పటికీ 2010లో గాని విడుదల కాలేదు. 2022లో విడుదలైన ఆర్ఆర్ఆర్ చిత్రం కల్పిత కథతో ఆయన పేరును దేశవిదేశాలకు చేర్చింది. 2020లో ఆ చిత్రపు ప్రచార దృశ్యంలో భీం పాత్ర వేషధారణపై ఆదిలాబాద్ ప్రాంతం నుండి అభ్యంతరాలు వ్యక్తమైనవి. తమ వీరుని రూపాన్ని నిర్ణయించే హక్కు ఎవరిది అన్నది ఆ అభ్యంతరాల సారాంశం.

మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించబడినది. ఆయన 2024 అక్టోబరులో మరణించారు. గుస్సాడీ నేడు ప్రభుత్వ ఉత్సవాలలో, ఊరేగింపులలో తరచు కనిపిస్తుంది. అయితే వేదికపై కొన్ని నిమిషాల నృత్యానికి, ఊరి నుండి ఊరికి అతిథులుగా సాగే దండారీకి తేడా ఉన్నది. నార్నూర్ మండలం గుంజాలలో వెలుగు చూసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించడంతో ఆ లిపిలో కంప్యూటర్లపై, చరవాణులపై రాసే వీలు ఏర్పడింది.

కళాకారుల జీవనం

ఆధునిక మాధ్యమాల వలన ఎక్కువగా నష్టపోయినవారు ఆశ్రిత కులాల కళాకారులు. పోషక కుటుంబాలు పట్టణాలకు తరలిపోవడం, కొత్త తరానికి కథపై ఆసక్తి తగ్గడంతో వంశపారంపర్య హక్కు విలువ కోల్పోయింది. అనేకులు కూలి పనులకు మళ్ళారు. కొందరు ప్రభుత్వ ప్రచార కార్యక్రమాలలో, సినిమాలలో, యూట్యూబ్ పాటలలో ఉపాధి వెదుక్కున్నారు.

జానపద గీతాల హక్కులు మరొక సమస్య. పొలాలలో నాట్లు వేస్తూ పాడిన పాటకు కర్త ఎవరో తెలియదు. దానిని సేకరించినవారు, సవరించినవారు, చిత్రీకరించినవారు హక్కు కోరుతారు. లవ్ స్టోరీ (2021) చిత్రంలోని సారంగ దరియా పాట విషయంలో, మూల గీతాన్ని అంతకుముందు టీవీ కార్యక్రమంలో పాడిన జానపద గాయనికి తగిన గుర్తింపు దక్కలేదన్న వివాదం చెలరేగి, తరువాత సర్దుబాటు అయినది. పాట కోట్లాది మందికి చేరినప్పటికీ మొదట పాడినవారికి ఫలితం చేరడం లేదన్న విమర్శ నేటికీ ఉన్నది.

సమీక్ష

కొత్త మాధ్యమాలు పాత కళలను పూర్తిగా తుడిచివేశాయనడం సరికాదు. అవి పాత కళల నుండి పాటను, కథను, యాసను, నటులను గ్రహించాయి. పల్లె స్త్రీకి, కూలీకి తెరపై స్థానం కల్పించాయి. అయితే అనేక రాత్రుల కథ కొన్ని నిమిషాలకు కుదించబడినది. ఊరు, కథకుడు అనే పరస్పర బాధ్యత స్థానంలో వీక్షణల లెక్క వచ్చింది. ఒగ్గుకథకులు, కూనపులివారు, తోటీలు నోటికి నేర్చిన పూర్తి కథలను రికార్డు చేసి భద్రపరచడానికి ఇవే మాధ్యమాలు ఉపయోగపడగలవు. వృద్ధ కళాకారులు జీవించి ఉండగానే ఈ పని జరుగవలసి ఉన్నది.

ఇవి కూడా చూడండి

ఒగ్గుకథ
చిరుతల రామాయణం
గుస్సాడీ
బతుకమ్మ
మిద్దె రాములు
కొమరం భీం
మై విలేజ్ షో
బలగం (సినిమా)